పురుగునూ పండితుణ్ణీ ఏమార్చిన పువ్వు

1830ల్లో దక్షిణ అమెరికాలోని గయానా అడవుల్లో మొక్కల కోసం తిరుగుతున్న రాబర్ట్ షోంబర్గ్‌కు ఒకే ఆర్కిడ్ మొక్క మీద మూడు రకాల పూలు కనబడ్డాయి. రంగులోనో పరిమాణంలోనో కాస్త తేడా ఉన్న పూలైతే ఎవరూ పట్టించుకునేవారు కాదు. కానీ అవి కెటాసీటం, మొనకాంథస్, మయాంథస్ అని వృక్షశాస్త్రజ్ఞులు అప్పటికే మూడు వేర్వేరు ప్రజాతుల (దగ్గరి జాతులను కలిపి కట్టిన గుంపుల) కింద రాసిపెట్టుకున్న పూలు. ఒకే తల్లి కడుపున పిల్లీ కుందేలూ కోతీ పుట్టినంత వింత అది. ఆ రోజుల్లో ఆర్కిడ్ల విషయంలో చివరి మాట ఇంగ్లండ్‌కు చెందిన జాన్ లిండ్లీది. జాతులూ ప్రజాతులూ స్థిరమైనవన్న మన భావనలను ఇలాంటి ఉదాహరణలు పునాదులతో సహా కదిలిస్తున్నాయని ఆయనే ఒప్పుకున్నాడు.

షోంబర్గ్ ఇంకో సంగతి కూడా గమనించాడు. కెటాసీటం మొక్కలు వందలకొద్దీ చూసినా ఒక్కదానికీ కాయ కనబడలేదు. మొనకాంథస్‌కు మాత్రం పెద్ద పెద్ద కాయలున్నాయి. ఈ చిక్కుముడిని 1862లో చార్లెస్ డార్విన్ విప్పాడు. కెటాసీటం మగపువ్వు, మొనకాంథస్ ఆడపువ్వు. మయాంథస్‌ను ఆయన రెండు లక్షణాలూ కలిసిన రూపంగా భావించాడు. మగపువ్వులో మీసంలాంటి భాగాన్ని తేనెటీగ తాకిందో లేదో, పుప్పొడి ముద్ద విల్లు నుంచి బాణంలా వచ్చి దాని వీపుకు అతుక్కుంటుంది. అదే తేనెటీగ తర్వాత వెళ్లే ఆడపువ్వుకు ఈ విసిరే పనే లేదు. అందుకే ఆ రెండింటికీ పోలికే లేదు.

ఈ కథతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఆర్కిడ్ పువ్వును మలిచింది కీటకం. కీటకం మారితే పువ్వు మారుతుంది, అదీ త్వరగా మారుతుంది. దాంతో దగ్గరి చుట్టాలు ముక్కూమొహం తెలియనివాళ్లలా కనబడతాయి, ఏ చుట్టరికమూ లేనివి కవలల్లా కనబడతాయి. పువ్వును చూసి వంశవృక్షం గీసిన శాస్త్రం అందుకే పదేపదే దారి తప్పింది. ఆర్కిడ్లు ఎలా పరిణమించాయో తెలిస్తేనే వాటి వర్గీకరణ ఎందుకింత గజిబిజిగా నడిచిందో అర్థమవుతుందని నా నమ్మకం. ఆ రెండు కథలనూ విడదీసి చెప్పడం నాకు సాధ్యం కాలేదు.

పువ్వు లోపల

ఆర్కిడ్ కుటుంబంలో ఇప్పటికి గుర్తించినవి దాదాపు 28,000 జాతులు, 700 పైచిలుకు ప్రజాతులు. భూమ్మీద ఉన్న పూల మొక్కల జాతుల్లో ఇంచుమించు పన్నెండింట ఒకటి ఆర్కిడే. గోరు మీద నాలుగైదు పట్టేంత చిన్న పూలవీ ఉన్నాయి, ఒక్క గుబురే టన్నుకు పైగా తూగేవీ ఉన్నాయి. ఇంత వైవిధ్యంలో వీటన్నిటినీ ఒకే కుటుంబంగా కట్టి ఉంచేది ఏమిటి?

రంగూ కాదు, సువాసనా కాదు. పువ్వు మధ్యలో చూడాలి. మామూలు పువ్వులో కేసరాలు ఒకచోట, కీలం ఒకచోట విడివిడిగా ఉంటాయి. కెటాసీటంలాంటి కొన్నిటిని పక్కనపెడితే, ఆర్కిడ్‌లో మగ, ఆడ భాగాలు రెండూ కలిసిపోయి ఒకే స్తంభంగా నిలబడతాయి. ఎక్కువ ఆర్కిడ్లలో ఆ స్తంభం కొన మీద పుప్పొడి ఉండే సంచి, అంటే పరాగకోశం, ఒక్కటే మిగిలింది. అందులోని పుప్పొడి పొడిపొడిగా రాలదు. మైనంలా గట్టిపడి, లేదా చిన్న చిన్న పొట్లాలుగా అంటుకుని, ముద్దలుగా ఉంటుంది. దాని కింద జిగురు. కీటకం తల దూర్చి వెనక్కి తీసుకునేటప్పటికి ముద్ద మొత్తం దాని ముఖానికో వీపుకో అంటుకుని వచ్చేస్తుంది.

స్తంభానికి ఎదురుగా ఉండే రేకు మిగతా రేకుల్లా ఉండదు. దాన్ని పెదవి అంటారు. కీటకం వాలే అరుగు అదే, దారి చూపే గుర్తులు దాని మీదే, మోసమేదైనా ఉంటే అదీ ఎక్కువగా దాని మీదే. నిజానికి మొగ్గలో పెదవి పైవైపున ఉంటుంది. విచ్చుకునే ముందు చాలా జాతుల్లో పూకాడ సగం చుట్టు మెలితిరిగి పెదవిని కిందికి తెస్తుంది. ఆర్కిడ్ పూవు చేతికి దొరికితే దాని కాడను ఒకసారి పరీక్షగా చూడండి, ఆ మెలిక కంటికి కనబడుతుంది.

జీవకణానికి కేంద్రకం ఉంటుందని, దానికి ఆ పేరు ఉండాలని 1831లో రాబర్ట్ బ్రౌన్ చెప్పింది కూడా ఆర్కిడ్ పూలలో ఫలదీకరణం ఎలా జరుగుతుందో పరిశీలిస్తున్నప్పుడే. మనం బడిలో గీసే కణం బొమ్మ మధ్యలోని గుండ్రటి చుక్క పేరు వెనక ఒక ఆర్కిడ్ ఉందని చాలామందికి తెలియదు.

పుప్పొడి ముద్దగా ఉండటం వల్ల వచ్చే పర్యవసానం పెద్దది. కీటకం సరైన పువ్వుకు చేరితే ఒక్క రాకతోనే వేలాది అండాలు ఫలదీకరణ చెందుతాయి. చేరకపోతే పువ్వు సంపాదనంతా ఒక్కసారిగా పోయినట్టే. మధ్యస్థ ఫలితం అంటూ దాదాపుగా ఉండదు. ఆర్కిడ్లు ఈ పందేన్ని ఎంత జాగ్రత్తగా ఆడతాయంటే, చాలా జాతుల్లో పుప్పొడి వచ్చి చేరేదాకా అండాలు పూర్తిగా తయారే కావు. ఆ పెట్టుబడి కూడా అతిథి వచ్చాకే.

దుమ్ములాంటి గింజ

పందెం నెగ్గితే కాయలో పుట్టేవి వేలు కావు, కొన్ని జాతుల్లో లక్షలు. డార్విన్ ఒక మామూలు నేల ఆర్కిడ్ కాయలో గింజలు లెక్కకట్టాడు. కాయకు 6,200, మొక్క మొత్తానికి 1,86,300. అన్నీ మొలిస్తే మునిమనుమల తరానికి భూమండలం మీది నేలంతా ఆ మొక్కల పచ్చదనమే పరుచుకుంటుందని ఆయన లెక్క తేల్చాడు. అలా జరగలేదని తెలుసు. ఎందుకు జరగలేదన్నదే ప్రశ్న.

కొన్ని ఆర్కిడ్ల గింజ బరువు గ్రాములో పదిలక్షల వంతు. అందులో పిండం ఉంటుంది, దాని చుట్టూ పలుచని పొర ఉంటుంది, అంతే. వడ్లగింజలోనో మొక్కజొన్న గింజలోనో పిల్లమొక్కకు మొదటి మేతగా దాచి ఉండే అంకురచ్ఛదం దీనికి లేదు. తల్లి చద్దిమూట కట్టకుండా గాలిలోకి వదిలేసిన బిడ్డ అది. దానికి అన్నం పెట్టేది ఒక శిలీంధ్రం.

ఈ రహస్యం 1899లో నోయెల్ బెర్నార్డ్ అనే ఫ్రెంచి యువకుడి కంటబడింది. ఆకులు లేని నియోషియా అనే ఆర్కిడ్ కాయ ఒకటి నేల మీది కుళ్లిన ఆకుల్లో పడి ఉంటే, అందులో మొలకెత్తుతున్న గింజల్ని చూశాడు. ప్రతి మొలకలోనూ శిలీంధ్రపు పోగులు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. శిలీంధ్రం లోపలికి వచ్చి చేరితే మొలక దాన్ని జీర్ణించుకుంటూ నెలల తరబడి, కొన్ని జాతులైతే ఏళ్ల తరబడి మట్టిలోనే బతుకుతుంది, ఆ తర్వాతే ఆకు వేస్తుంది. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ శిలీంధ్రం అవసరం లేకుండా చక్కెర, లవణాలు కలిపిన అగర్ అనే జెల్లీ మీద గింజలు మొలిపించి చూపించాడు. ఇప్పుడు ప్రపంచమంతా కుండీల్లో కనబడుతున్న ఆర్కిడ్ల వెనక ఆ గాజు సీసా ఉంది.

అడవిలో మాత్రం సీసా లేదు. గాలికి ఎంత దూరమైనా ఎగిరిపోయే గింజ, తనకు నప్పే శిలీంధ్రం ఉన్న బెత్తెడు చోటులో పడితేనే మొలుస్తుంది. అంటే దూర ప్రయాణం సులువు, స్థిరపడటం కష్టం. కొద్దిపాటి గింజలు కొండ దాటి అవతలి లోయలో పడి అక్కడ చిన్న గుంపుగా మిగిలిపోవడం, ఆ గుంపు మెల్లగా వేరే జాతిగా మారడం ఇలాంటి మొక్కల్లో తేలిక. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

పరాగకోశాలు లెక్కపెట్టిన కాలం

ఆర్కిడ్ అన్న పేరు గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ వాడిన ఓర్కిస్ అనే మాట నుంచి వచ్చింది. దానికి వృషణం అని అర్థం. మధ్యధరా ప్రాంతపు నేల ఆర్కిడ్లకు మట్టిలో జంటగా ఉండే దుంపల్ని చూసి పెట్టిన పేరది. అప్పటివారికి తెలిసినవి అవే. మొక్కలకు రెండు మాటల శాస్త్రీయ పేర్లు స్థిరపరిచిన లినేయస్ కాలానికి ఉష్ణమండలం నుంచి ఎండబెట్టిన మొక్కలు ఐరోపాకు చేరుతున్నా, చెట్ల మీద పెరిగే ఆర్కిడ్లను చాలావరకు ఆయన ఎపిడెండ్రం అనే ఒకే పేరు కింద చేర్చేశాడు. చెట్టు మీదది అని ఆ మాటకు అర్థం. చిరునామాను బట్టి ఇంటిపేరు పెట్టడం లాంటిది అది.

1800లో స్వీడన్‌కు చెందిన ఓలోఫ్ స్వార్ట్జ్ లెక్కను పువ్వులోకి తీసుకెళ్లాడు. పరాగకోశం ఒకటుందా, రెండున్నాయా అన్నదాన్ని బట్టి ఆర్కిడ్లను విడదీశాడు. లిండ్లీ 1830ల్లో ఆ దారినే పెద్ద భవనం కట్టాడు. పుప్పొడి ముద్దల స్వభావం, వాటి సంఖ్య, అవి అతుక్కునే తీరు ఆయనకు కొలబద్దలు. ఆ భవనంలో చాలా గదులు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. స్తంభాన్ని, పుప్పొడిని నమ్మిన చోట లిండ్లీ ఎక్కువగా నెగ్గాడు, రేకుల్ని, రంగుల్ని నమ్మినవారు ఎక్కువగా ఓడిపోయారు. స్తంభం కూడా కీటకం కోసమే ఉన్నా, దాని కట్టడం రేకులంత తొందరగా మారదు.

కానీ స్తంభమూ ఒకచోట మోసం చేసింది. ఇరవయ్యో శతాబ్దం చాలాభాగం ఆర్కిడ్లను ఒక నిచ్చెనగా చూశారు. అడుగు మెట్టు మీద రెండు మూడు పరాగకోశాలతో, దాదాపు మామూలు పువ్వులా ఉండే అపొస్టేసియా బంధువులు. పై మెట్టు మీద రెండు పరాగకోశాల పాదరక్ష ఆర్కిడ్లు. ఆ పైన ఒక్క పరాగకోశం ఉన్న మిగతావన్నీ. మూడు, రెండు, ఒకటి. చూడ్డానికి ఎంతో ముచ్చటైన క్రమం. 1990ల్లో డీఎన్ఏ వరుసల్ని పోల్చడం మొదలయ్యాక ఈ నిచ్చెన విరిగింది. విరిచింది వెనిలా, మనం వంటల్లో వాడే సువాసన కాయ కాసే ఆర్కిడ్.

వెనిలాకు పరాగకోశం ఒక్కటే. నిచ్చెన ప్రకారం అది పై మెట్టున ఉండాలి. డీఎన్ఏ మాత్రం వెనిలా కొమ్మ పాదరక్ష ఆర్కిడ్ల కన్నా ముందే విడిపోయిందని చెప్పింది. అంటే ఒక్క పరాగకోశానికి తగ్గిపోవడం అనేది ఆర్కిడ్ల చరిత్రలో ఒకసారి కాదు, వేర్వేరుగా రెండుసార్లు జరిగి ఉండాలి. నన్నడిగితే ఆర్కిడ్ల వర్గీకరణలో ఇంతకన్నా అందమైన దిద్దుబాటు లేదు. ఎంతో నమ్మకంగా వాడిన కొలబద్దే రెండుచోట్ల విడిగా తయారైందని తేలింది.

వెనిలా పువ్వును అర్థం చేసుకున్న మొదటివారిలో ఒకరు పండితుడు కాకపోవడం కూడా చెప్పుకోవాలి. 1841లో రీయూనియన్ దీవిలో బానిసగా ఉన్న పన్నెండేళ్ల ఎడ్మండ్ ఆల్బియస్, పుప్పొడికీ దాన్ని అందుకునే ఆడభాగమైన కీలాగ్రానికీ మధ్య అడ్డుగా ఉండే చిన్న పొరను పుల్లతో పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని అదిమాడు. ఈరోజుకీ వెనిలా కాయ కాయించేది ఆ పద్ధతిలోనే. ఆ పొర తన పుప్పొడి తనకే అంటకుండా ఆర్కిడ్ కట్టుకున్న గోడ.

ఇప్పటి వర్గీకరణలో ఆర్కిడ్ కుటుంబానికి ఐదు ఉపకుటుంబాలు. అన్నిటికన్నా ముందు విడిపోయిన అపొస్టేసియా వర్గంలో మిగిలినవి రెండే ప్రజాతులు, జాతులు ఇరవై కూడా లేవు. తర్వాత వెనిలా వర్గం. ఆ తర్వాత ఐదు ప్రజాతుల పాదరక్ష ఆర్కిడ్లు, వీటి పెదవి చెప్పు ముందుభాగంలా ఉబ్బిన సంచి. నాలుగోది ఆర్కిస్ వర్గం, ఎక్కువగా నేల మీద పెరిగేవి. మిగిలింది ఎపిడెండ్రం వర్గం, మొత్తం ఆర్కిడ్ జాతుల్లో సుమారు నాలుగింట మూడు వంతులు ఇందులోనే. చెట్ల మీద బతికేవన్నీ దాదాపు ఇక్కడే. మొత్తం కుటుంబం ఆస్పరాగేల్స్ అనే ఇంకా పెద్ద వర్గంలోకి వస్తుంది. ఉల్లి, ఐరిస్, కలబందలాంటి ఆ వర్గపు మొక్కలన్నీ ఒక పక్క, ఆర్కిడ్లు ఒక్కటీ ఇంకో పక్క.

పేర్ల గొడవ

పైనున్న ఐదు కొమ్మల మీద ఇప్పుడు పెద్దగా వివాదం లేదు. గొడవంతా కింద, ప్రజాతుల దగ్గర. మొక్కలు పెంచేవారికి బాగా తెలిసిన ఉదాహరణ కేట్‌లియా. బ్రెజిల్‌లో పెద్ద లేత ఊదా పూలు పూసేవాటిని కేట్‌లియా అనీ, వాటికి దగ్గరగా కనబడే ఇంకొన్నిటిని లేలియా అనీ, చిట్టి మొక్కకు ఎర్రటి పూలు పూసేవాటిని సొఫ్రొనైటిస్ అనీ పిలిచేవారు. డీఎన్ఏ పోల్చాక బ్రెజిల్ లేలియాలు మెక్సికో లేలియాలకు దగ్గరి చుట్టాలే కావని తేలింది. చివరికి బ్రెజిల్ లేలియాలు, సొఫ్రొనైటిస్‌లు అన్నీ కేట్‌లియాలో కలిసిపోయాయి. ఎరుపు రంగు, ఆ ఆకారం హమ్మింగ్ పిట్టల కోసం పువ్వు తొడుక్కున్న వేషం. వేషాన్ని చూసి వంశం రాసుకున్నాం.

ఒడొంటోగ్లోసమ్‌లు ఆన్సిడియంలోకి, ఆస్కోసెంట్రమ్‌లు వాండాలోకి వెళ్లిపోయాయి. మొక్కలు పెంచేవారికి దీనిమీద కోపం ఉంది, ఆ కోపంలో న్యాయమూ ఉంది. కాలాంథి డొమినీ అనే మొదటి మానవనిర్మిత సంకరం 1856లో పూసింది. అప్పటినుంచి నమోదైన సంకర ఆర్కిడ్లు లక్షకు పైనే. మూడు నాలుగు ప్రజాతులు కలిసిన సంకరాలకు ఆ ప్రజాతుల పేర్లు అతికించి కొత్త పేరు కడతారు. మూలంలో ఒక ప్రజాతి మాయమైతే ఈ పేర్లన్నీ కుప్పకూలుతాయి. అయినా నేను మార్పు వైపే ఉంటాను. పేరు చుట్టరికాన్ని చెప్పకపోతే అది ఉత్త చీటీ మాత్రమే. అంత దూరపు ప్రజాతుల మధ్య సంకరం అంత సులువుగా ఎలా కుదురుతోందన్న ప్రశ్న పెంపకందార్లకు ఎప్పుడో రావాల్సింది. చాలాచోట్ల జవాబు, అవి దూరపువి కావన్నదే.

జాతుల స్థాయిలో చిక్కు ఇంకా లోతు. మధ్యధరా తీరాల్లోని ఆఫ్రిస్ ఆర్కిడ్లను తీసుకోండి. వీటి పెదవి ఆడ తేనెటీగలా, ఆడ కందిరీగలా నూగుతో మెరుపుతో ఉంటుంది. మగది వచ్చి దానితో జతకట్టబోతుంది, పుప్పొడి ముద్ద అంటించుకుని పోతుంది. అల్జీరియాలో న్యాయమూర్తిగా పనిచేసిన పుయాన్ దీన్ని ఏళ్లపాటు గమనించాడు, ఆ పరిశీలనలు 1916లో అచ్చయ్యాయి. ఆస్ట్రేలియాలో ఎడిత్ కోల్‌మన్ 1927లో, పూర్తిగా వేరే కొమ్మకు చెందిన క్రిప్టోస్టైలిస్ ఆర్కిడ్లలో అదే మోసాన్ని కనిపెట్టింది. ఆ మగపురుగును రప్పించేది ముఖ్యంగా వాసన. ఆడపురుగు ఒంటి వాసనలోని రసాయనాలనే పువ్వు తయారుచేస్తుంది. ఆ వాసన కాస్త మారితే వేరే కీటకం వస్తుంది, పాతది రాదు. పక్కపక్కన ఒకే గట్టు మీద పూసినా ఆ రెండు మొక్కల మధ్య పుప్పొడి మారదు.

ఇప్పుడు ఆఫ్రిస్‌లో ఎన్ని జాతులున్నాయి? కొందరి లెక్కలో పది లోపు. ఇంకొందరి లెక్కలో 350. ఇద్దరూ అవే మొక్కల్ని చూస్తున్నారు. మొదటివారు డీఎన్ఏలో స్పష్టంగా విడిపోయిన వాటినే జాతులంటారు. రెండోవారు ఏ కీటకం ఏ పువ్వుకు వెళ్తుందో చూసి, రాకపోకలు లేకపోతే వేరే జాతేనంటారు. పురుగుకు తెలిసిన తేడా మన కంటికి అందదు, మన కంటికి కొట్టొచ్చినట్టు కనబడే మచ్చలూ గీతలూ పురుగుకు అక్కర్లేకపోవచ్చు. 28,000 అన్న సంఖ్యను ఈ సంగతి మనసులో ఉంచుకునే చదవాలి.

రాతిలో మిగలని చరిత్ర

ఆర్కిడ్ల వయసు చెప్పడం ఎందుకంత కష్టమైంది? మిగతా పూల మొక్కల పాతకాలపు ఆనవాళ్లు ఎక్కువగా గాలికి ఎగిరి చెరువు అడుగుల్లో పేరుకున్న పుప్పొడిలో దొరుకుతాయి. ఆర్కిడ్ పుప్పొడి ముద్దగా పురుగు వీపెక్కిపోతుంది, గాలికి ఎగరదు. మొక్క మెత్తన, చెక్క లేదు. ఎక్కువగా పెరిగేది చెట్ల కొమ్మల మీద. రాయిగా మారే అవకాశం దాదాపు లేదు.

2007లో ఒక పసుపు రంగు అంబర్ ముక్క ఆ లోటు కొంత తీర్చింది. డొమినికన్ రిపబ్లిక్‌లో దొరికిన ఆ ముక్కలో, కోటిన్నర నుంచి రెండు కోట్ల ఏళ్ల కిందట చెట్టు బంకలో చిక్కుకున్న చిన్న కొండి లేని తేనెటీగ ఉంది. దాని వీపు మీద ఆర్కిడ్ పుప్పొడి ముద్ద. చివరి ప్రయాణంలో ఉన్న తపాలా బంట్రోతు సంచితో సహా దొరికినట్టు. ఆ ఆర్కిడ్‌కు మెలిఆర్కిస్ కరీబియా అని పేరు పెట్టారు. న్యూజీలాండ్‌లో దొరికిన శిలాజ ఆకులు కూడా రెండు కోట్ల ఏళ్ల పైబడినవి. ఇలాంటి కొద్ది ఆనవాళ్లతో, డీఎన్ఏలో పేరుకున్న మార్పులను బట్టి కాలం చెప్పే గడియారాన్ని సరిచేసుకుని, ఇప్పుడున్న ఆర్కిడ్లన్నిటికీ మూలమైన వంశం సుమారు ఎనిమిది నుంచి పదకొండు కోట్ల ఏళ్ల కిందటిదని లెక్కలు వేశారు. డైనోసార్లు ఇంకా తిరుగుతున్న కాలమది.

ఆ ఆదిమ వంశం దక్షిణార్ధగోళంలో, ఆస్ట్రేలియా వైపు పుట్టిందని చాలాకాలం అనుకున్నారు. 2024లో వెలువడిన పెద్ద అధ్యయనం దాన్ని తల్లకిందులు చేసి, ఉత్తర ఖండాలే పుట్టిల్లని చెప్పింది. అదే అధ్యయనంలో నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది ఇంకొకటి: వంశం ఎంత పాతదైనా, ఇప్పుడున్న జాతుల్లో అత్యధికం గత యాభై లక్షల ఏళ్లలో పుట్టినవి. పాత ఇంట్లో ఉన్నవాళ్లంతా పసివాళ్లు.

అపొస్టేసియా జన్యుపటం 2017లో బయటికి వచ్చింది. ఆర్కిడ్లన్నీ విడిపోవడానికి కాస్త ముందు వాటి పూర్వికుడి జన్యుసంపద మొత్తం ఒకసారి రెట్టింపైందని అందులో తేలింది. జన్యువు రెండు ప్రతులుగా ఉంటే ఒకటి పాత పని చేస్తుంటే ఇంకోటి కొత్త పని నేర్చుకోవచ్చు. పూరేకుల్ని రూపొందించే జన్యువుల్లో ఒక రకం ఆర్కిడ్లలో నాలుగు ప్రతులుగా విస్తరించింది. వాటిలో ఏవి ఏ మోతాదులో పనిచేస్తున్నాయన్న దాన్ని బట్టే రేకు రేకుగా ఉండాలో పెదవిగా మారాలో నిర్ణయమవుతుంది. పువ్వు వేషం ఇంత తేలికగా మారడానికి కారణం ఇక్కడుంది.

ఇన్ని జాతులు ఎందుకు

దీనికి చాలామంది వెంటనే చెప్పే జవాబు డార్విన్ చిమ్మట కథ. మడగాస్కర్ ఆర్కిడ్ ఒకదానికి దాదాపు ముప్పై సెంటీమీటర్ల మకరంద గొట్టం చూసి, అంత పొడవు నాలుకున్న చిమ్మట ఒకటి ఉండి తీరాలని ఆయన 1862లో అన్నాడు. 1903లో చిమ్మట దొరికింది. 1992లో అది ఆ పువ్వు దగ్గర మకరందం తాగడం చూశారు. అద్భుతమైన కథే. అయితే దాన్నిబట్టి ఒక్కో పువ్వు, ఒక్కో పురుగు జంటగా కలిసి పరిణమించడం వల్లే ఇన్ని ఆర్కిడ్లు వచ్చాయనుకుంటే పొరపాటు. అమెరికా ఖండాల ఉష్ణమండలంలో సువాసన కోసం ఆర్కిడ్లకు వచ్చే యూగ్లోసిన్ తేనెటీగల మీద 2011లో జరిగిన అధ్యయనం, ఆ తేనెటీగలు తమ ఆర్కిడ్ల కన్నా కనీసం కోటీ ఇరవై లక్షల ఏళ్లు ముందే వచ్చాయని చూపింది. వాటికి ఆ వాసనల మోజు ముందునుంచే ఉంది, ఇతర చోట్ల నుంచి సేకరించుకునేవి. ఆర్కిడ్లు తర్వాత వచ్చి ఆ మోజును వాడుకున్నాయి. తేనెటీగకు ఆర్కిడ్ లేకపోయినా గడుస్తుంది, ఆర్కిడ్‌కు తేనెటీగ లేకపోతే గడవదు.

2015లో ఆర్కిడ్ వంశవృక్షం మీద జాతులు పుట్టే వేగాన్ని కొలిచినప్పుడు ఆ వేగాన్ని పెంచినవిగా తేలినవి: పుప్పొడి ముద్దలు, చెట్ల మీది జీవనం, రాత్రిపూట పత్రరంధ్రాలు తెరిచి నీటిని పొదుపు చేసే కిరణజన్య సంయోగక్రియ, ఉష్ణమండలపు పొడవాటి పర్వతశ్రేణులు, సీతాకోకచిలుకలు, చిమ్మటలు, యూగ్లోసిన్ తేనెటీగలు. మోసంతో పరాగ సంపర్కం చేసుకోవడం, అందరికీ అంత ఇష్టమైన ఆ నాటకం, జాతులు పుట్టే వేగాన్ని పెంచినట్టు కనబడలేదు.

నా మటుకు ఈ జాబితాలో కీలకం చెట్టు, కొండ. చెట్టు కొమ్మ మీద మట్టి లేదు. వాన పడ్డ నిమిషాల్లో నీరు జారిపోతుంది. ఆర్కిడ్ వేరుకు స్పాంజిలాంటి తెల్లటి తొడుగు ఉంటుంది, వెలామెన్ అంటారు. తడవగానే నీరు పీల్చి పట్టుకుంటుంది. కాండం ఉబ్బి నీటికుండ అవుతుంది. ఈ ఏర్పాట్లతో ఆర్కిడ్లు ఎవరూ లేని నేలను ఆక్రమించాయి, అదీ అంతస్తులు అంతస్తులుగా. ఆ చెట్టు ఆండీస్ వాలు మీద ఉంటే? ప్రతి లోయకూ తన మంచు, తన వాన, తన శిలీంధ్రాలు, తన ఈగలు. గాలికి కొట్టుకొచ్చిన నాలుగు గింజలు ఒక లోయలో కుదురుకుంటాయి. ఆ లోయలోని ఈగకు తగ్గట్టు పువ్వు మారుతుంది. గోరంత పూలు పూసే లెపాంథెస్ ప్రజాతిలో వెయ్యికి పైగా జాతులున్నాయి, వాటిలో ఎన్నో ఒకటి రెండు కొండలు దాటి ఎక్కడా కనబడవు.

ఎక్కడెక్కడ

అందుకే ఆర్కిడ్ల ప్రపంచపటం దాదాపుగా తడి కొండల పటం. కొలంబియా, ఈక్వడార్‌లలో ఒక్కో దేశంలో 4,000కు పైగా జాతులు. కోస్టారికా, పనామా కొండల్లో కొత్త జాతులు పుట్టే వేగం అన్నిచోట్ల కన్నా ఎక్కువ. న్యూగినీ దీవిలో 2,500 దాటాయి, అక్కడ రాజ్యమేలేవి డెండ్రోబియం, బల్బోఫిలం. బల్బోఫిలం సుమారు రెండు వేల జాతుల ప్రజాతి, చాలావాటిని వెతుక్కుంటూ వచ్చేవి ఈగలు. కొన్నిటి పూలు కుళ్లిన మాంసం కంపు కొట్టేది అందుకే. మడగాస్కర్‌లో వెయ్యి దాకా ఉంటే, పదింట ఎనిమిదికి పైగా అక్కడ తప్ప ఎక్కడా లేవు. తూర్పు హిమాలయం, ఆగ్నేయాసియా కొండలు పాదరక్ష ఆర్కిడ్లకు, డెండ్రోబియంలకు నిలయాలు. ఆఫ్రికా ప్రధాన భూభాగం తన విస్తీర్ణానికి తగ్గన్ని జాతులు లేక వెలితిగా కనబడుతుంది.

చలిదేశాల్లో ఆర్కిడ్ చెట్టు దిగి నేలలోకి వెళ్తుంది. చలికాలమంతా దుంపగా నిద్రపోతుంది. కలిప్సో అనే ఒంటిపూల ఆర్కిడ్ ఉత్తర ధ్రువవలయం దాకా పైన్ అడవుల్లో పూస్తుంది. అటు దక్షిణాన, న్యూజీలాండ్ నుంచి అంటార్కిటికాకు సగం దారిలో ఉన్న మెక్వారీ దీవి మీద, ఒక్క చెట్టు కూడా లేని చోట, చిట్టి కోరిబాస్ ఆర్కిడ్లు బురదనేలలో బతుకుతున్నాయి.

పువ్వు లేనప్పుడు చాలా ఆర్కిడ్లను ఒకదాని నుంచి ఇంకోదాన్ని విడదీయడం నిపుణుడికీ కష్టమే. అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందంలో ఆర్కిడ్ కుటుంబం మొత్తాన్ని చేర్చడానికి ఇదీ ఒక కారణం. దాని జాబితాలో ఉన్న జాతుల్లో సగానికి మించి ఆర్కిడ్లే. అయినా వియత్నాం పాదరక్ష ఆర్కిడ్‌ను 1999లో శాస్త్రానికి పరిచయం చేసిన కొద్ది ఏళ్లకే, అడవిలో దాన్ని దాదాపు ఒక్కటి మిగలకుండా పెకిలించి అమ్మేశారు. కొత్త ఆర్కిడ్ దొరికితే దాని చోటు పైకి చెప్పకుండా దాచడం అందుకే పరిశోధకులకు అలవాటైంది.

ఈ కుటుంబం ఎంత దూరం వెళ్లగలదో చూడాలంటే పశ్చిమ ఆస్ట్రేలియా గోధుమ పొలాల వైపు వెళ్లాలి. 1928లో అక్కడ ఒక రైతు నేలలో ఒక పగులు చూశాడు, అందులోంచి తియ్యటి వాసన వస్తోంది. మట్టి తీస్తే లేత రంగు తొడుగుల మధ్య చిన్న చిన్న ఎర్రటి పూల గుత్తి. ఆ మొక్కకు ఆకులు లేవు, పచ్చదనం లేదు. పూయడం కూడా మట్టి కిందే. దాని పేరు రైజాంథెల్లా. పైన పెరిగే మెలాల్యూకా పొద తయారుచేసుకున్న ఆహారాన్ని, ఇద్దరి వేళ్లనూ కలిపిన శిలీంధ్రం దీనికి చేరవేస్తుంది. హరితరేణువులో మామూలుగా వంద దాటి ఉండే జన్యువుల్లో దీనికి మిగిలినవి 37. దుమ్ములాంటి గింజ కూడా దీనికి లేదు, కాయ కండగల పండులా ఉంటుంది, గింజ పెద్దది. ఆకు, రంగు, వెలుతురు, గాలికి ఎగిరే గింజ, మనం ఆర్కిడ్‌తో ముడిపెట్టుకున్న దాదాపు అన్నిటినీ వదిలేసుకున్న ఈ మొక్కను ఏ పెట్టెలో పెట్టాలో ఎలా తెలిసింది? ఆ చిన్న ఎర్రటి పువ్వుల్లో ఒకదాన్ని విప్పి చూశారు. మధ్యలో స్తంభం ఉంది. దాని కొన మీద పుప్పొడి ముద్దలున్నాయి.